తీసేసిన మాట

“కథ బారెడు, దెబ్బలు బెత్తెడు. గిట్లయితే ఎవడు కొంటడమ్మా?” అంటూ పద్మనాభం ఎర్ర పెన్నుతో ఇంకో పేరా కొట్టేశాడు.

రాంగోపాల్‌పేట్‌లో అతనికి ప్రెస్సు ఉంది. అట్ట మీద ‘పెద్దలకు మాత్రమే’ అని వేసే మాసపత్రికకు సంపాదకుడూ అతనే. ఎదురుగా కూర్చున్న మేబెల్ లాలాగూడ నుంచి వచ్చి, మారుపేరుతో దానికి కథలు రాస్తుంది.

ఈసారి కథలో పెళ్లయి పదేళ్లయిన జంట. భార్య కోరి దెబ్బలు అడుగుతుంది. భర్త అరచెయ్యి ఆమె పిరుదుల మీద పడుతుంది. ఆ సరసంలో వాళ్లకొక కట్టుబాటు ఉంది. ఆమె ‘చాలు’ అంటే ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోవాలి.

“ఈ ‘చాలు’ సుత తీసేస్తున్న,” అన్నాడు.

“అదొక్కటి ఉంచండి సర్. ఆమె అడిగింది కాబట్టే సరసం. ఆపమన్నా ఆగకపోతే ఉత్త కొట్టుడే కదా!”

“చదివెటోనికి వేడి పుట్టాలె. ఆగితే మజా ఏముంది?”

మేబెల్ బతిమాలింది. అతను వినలేదు. కథ అతను దిద్దినట్టే అచ్చయింది.

పత్రిక బయటికొచ్చిన వారం, ఇంకో కథ పట్టుకుని మేబెల్ మళ్లీ ప్రెస్సుకు వెళ్లింది. ఇద్దరూ మాట్లాడుకుంటుండగానే ఒకామె తలుపు తోసుకుని వచ్చింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. పెదవి చీలింది. చేతిలో ఆ పత్రిక నలిగిపోయి ఉంది.

“ఇది రాసిందెవరు?”

“ఈడ లొల్లి చెయ్యకు. మెల్లగ మాట్లాడు,” అంటూ పద్మనాభం పనివాళ్లకు వినపడకుండా తలుపు వేశాడు.

మేబెల్ లేచి నిలబడింది. “నేనే.”

వచ్చినామె ఒక్క ఊపున మేబెల్ మీద పడింది. చెంప పగలగొట్టింది. జుట్టు పట్టి గోడకేసి కొట్టింది. మేబెల్ ముక్కులోంచి రక్తం కారి చీర తడిసింది.

“ఆడామెనే రాసిందట! ఆడోళ్లకు గిదే ఇష్టమట! పుస్తకంల ఉన్నట్టే చేస్తనని నా మొగడు బెల్టు తీసిండు. చాలు, చాలని కాళ్లు పట్టుకున్న. కింద పడేసి తన్నిండు. ఆగలే!”

మేబెల్ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కాసేపటికి కొట్టినామె చేతులే అలసిపోయాయి. నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మేబెల్ పక్కనే చతికిలబడి, కొంగుతో ముందు ఆమె పెదవి తుడిచింది.

“నేను రాసినప్పుడు ఆయన ఆగాడక్కా. ఆ మాట తీసేసి అచ్చేశారు.”

ఆమె నేల మీద పడ్డ పత్రికను కాలితో దూరంగా నెట్టింది.

“లే అక్కా, పోలీస్ స్టేషన్‌కు పోదాం. నేనూ వస్తా. మీ ఆయన ఇప్పుడెక్కడున్నాడు?”

ఆమె వేలెత్తి పద్మనాభాన్ని చూపించింది.