కాళ్లొచ్చిన కణాలు

తలుపు తోసుకుని ఎవరో ల్యాబ్‌లోకి వచ్చారు.

పరిశోధకురాలు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే కసిరింది. "ఎవరది? ఇక్కడికి రాకూడదు."

పొద్దుటినుంచీ ఆమె ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది.

గాజు పళ్లెం నిండా క్యాన్సర్ కణాలు. వాటి నడుమ సన్నగా గీకిన ఖాళీ దారి. పైన కొత్త మందు. కణాలు ఆ దారిలోకి పాకితే మందు దండగ. ఇదివరకు ప్రతిసారీ పాకాయి. ఈసారీ అంతే అయితే ఈ పని కట్టిపెట్టమని ప్రొఫెసర్ తేల్చి చెప్పేశాడు.

వచ్చినాయన కదల్లేదు. బక్కచిక్కిన మనిషి. ఒకప్పుడు బస్సు నడిపేవాణ్ణని, ఆస్పత్రి డాక్టరుగారిని అడిగి వచ్చానని చెప్పుకున్నాడు.

"అవి ఇంకా పాకుతున్నాయామ్మా?"

ఆమెకు ఒళ్లు మండింది. వదిలించుకుందామని గబగబా చెప్పేసింది. కణంలోని ప్రొటీన్లకు ఫాస్ఫేటు అంటుకుంటే అవి నిద్ర లేస్తాయి. అప్పుడు కణాన్ని నిలబెట్టే పోగులు ఊడి, మళ్లీ అల్లుకుని, కాళ్లలా ముందుకు పొడుచుకొస్తాయి. ఆ కాళ్లతోనే క్యాన్సర్ పక్క కండలోకి చొరబడుతుంది. ఫాస్ఫేటు అంటుకోకుండా చెయ్యడమే ఈ మందు పని.

"అంటే, గేరు పడనివ్వకూడదన్నమాట."

ఆమె నవ్వలేదు.

"ఒక్కసారి చూడనిస్తారా?"

"కుదరదు. పళ్లెం కదిలితే నా కష్టమంతా బూడిదలో పోసినట్టే. వెళ్లండి."

ఆయన గోడ పట్టుకుని మెల్లగా వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆమె మళ్లీ చూసింది. పోల్చి చూడ్డానికి పక్కనే పెట్టిన, మందు వెయ్యని పళ్లెంలో దారి పూడుకుపోయింది. మందు వేసిన పళ్లెంలో ఒక్క కణమూ గీత దాటలేదు. కాళ్లు ముడుచుకుని ఎక్కడివక్కడే ఉన్నాయి.

నమ్మలేక, వారం రోజులు పట్టినా, మరోసారి మొదటినుంచీ చేసింది. అదే ఫలితం.

అప్పుడు గుర్తొచ్చాడాయన. అంత కసురుకోకుండా ఉండాల్సిందని మనసు పీకింది. పిలిచి చూపిద్దామని ఆస్పత్రి డాక్టరుకు ఫోన్ చేసింది.

జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిందనీ, నిన్ననే పోయారనీ డాక్టరు చెప్పాడు.

"తనకెలాగూ అందదు, వెనకొచ్చేవాళ్లకైనా పనికొస్తుందని ఆయన ఒంట్లోంచి ఇచ్చిన కణాలేనమ్మా, మీరు ఆపింది."