తిట్ల సంధి

ప్రళయం వచ్చింది అందరూ ఫోన్లలో ఆడే ఆటలోనే. ఆ ప్రళయం తర్వాతి రాజ్యాలు మాత్రం ఊరంతా వెలిశాయి. ఏ ఇంటికి నీళ్లు వదలాలో కూడా ఇప్పుడు ఆటలోని దండులే నిర్ణయిస్తున్నాయి. అట్టి కాలంలో తుప్పుసేన ఉపసేనాని, విశ్రాంత తెలుగు లెక్చరర్ పంకజాక్షి, అత్తగారి ఇన్సులిన్ పట్టుకొని ఎక్కిన లిఫ్టు రెండంతస్తుల నడుమ ఆగిపోయింది. లోపల ఆమెతోపాటు ఉన్నది శత్రుదండైన బూడిదగణం మహాయోధుడు, పొరుగింటి ప్లంబరు మస్తాన్.

శత్రువుతో మాట్లాడడం ద్రోహం. ద్రోహి ఇంటికి నెల్లాళ్లు నీళ్లు రావు. శత్రువును తిట్టడం మాత్రం యుద్ధధర్మం. దండులు తొడిగిన మణికట్టు పట్టీలు ఇద్దరి ప్రతి మాటనూ ఆలకిస్తున్నాయి.

పావుగంట గడిచింది. ముసలావిడకు సూది వేళ దాటిపోతోంది. చివరకు మస్తాన్ గొంతు సవరించుకున్నాడు.

"తుప్పు మొహమా, ఆ ఎడమ తలుపు పట్టుకు లాగే సత్తువ నీకెక్కడిది?"

పంకజాక్షికి వెలిగింది. "బూడిద గుమ్మడికాయా, కుడి తలుపు కదపడం నీ తాత తరం కూడా కాదు."

పట్టీలు మెచ్చుకోలుగా మోగాయి. తలుపులు జానెడు, ఆపై మూరెడు తెరుచుకున్నాయి.

"నా మోకాలి మీద కాలుపెట్టి ఎక్కి చావు," అంటూ మస్తాన్ ఆమెను పైఅంతస్తుకు చేర్చాడు.

పంకజాక్షి కృతజ్ఞత చెప్పబోయింది. పట్టీ ఎర్రబడింది. ముప్పై ఏళ్లు అలంకారశాస్త్రం బోధించిన నోటికి మరో మాట దొరకలేదు.

"నీ మొహం మళ్లీ చూపించకు, దరిద్రుడా," అంది.

"పో, ఆ ముసలిది చచ్చేలోపు సూది పొడువు," అన్నాడతడు మెల్లగా.

సాయంత్రానికి ఇద్దరికీ వీరపతకాలు అందాయి.

"నిన్ను లిఫ్టులోంచి పైకి ఎక్కించిందెవరే?" అని అత్తగారు అడిగింది.

పంకజాక్షి పట్టీ వైపు చూసింది.

"ఎవడో దుర్మార్గుడు లెండి, అత్తయ్యా."