ముందే పంపిన చీటీ

దుకాణం ఫోను టింగుమంది. మందుల చీటీ ఫొటో వచ్చింది.

‘దీపిక, 22 ఏళ్లు, భర్త వెస్లీ, ఝరాసంగం. మొదటి కాన్పు.’ డాక్టరు రాత కోడి కెలికినట్టున్నా నాగరాణి ఇట్టే చదివేసింది. ఫోలిక్ యాసిడ్ మాత్రలు, వాంతుల మాత్రలు, ప్రోటీన్ పొడి ఒక డబ్బా.

“సార్, తీపి కబురు! ఎవరో దీపికంట!” గంతేసినంత పని చేసింది.

జహీరాబాద్‌లోని ఆ మందుల దుకాణంలో ఆమె చేరి మూడు నెలలే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పొద్దున్నే చీటీ ఫొటో పంపుతారు. మందులు కట్టి ఉంచితే సాయంత్రం వచ్చి తీసుకుపోతారు. ఒక్కోసారి అత్తగారికంటే ముందే తనకు శుభవార్త తెలిసిపోవడం నాగరాణికి భలే సరదా.

యజమాని చంద్రప్పకు అలాంటి సరదాలేం లేవు. ఆయన నవ్వగా ఆమె ఇంతవరకు చూడలేదు.

“ఇటియ్యి” అని ఫోను తీసుకున్నాడు.

అంతలో ఇంకో ఫొటో వచ్చింది. స్కానింగుది. నల్లటి మబ్బులో శనగగింజంత చుక్క.

“అయ్యో, గిది మనకెందుకు? పొరపాటున పంపినట్టుంది.”

చంద్రప్ప ఫోను తిరిగి ఇవ్వలేదు. తెర ఆరిపోతే మళ్లీ వెలిగించాడు.

“యాడ చూపిచ్చుకుందంట?”

“బస్టాండు కాడ దవాఖానల సార్. దాని కిందనే మూడు మందుల దుకాణాలున్నయి. మనదాంక ఎందుకు పంపిందో ఏమో!”

ఆయన ఫోను ఆమె చేతికిచ్చాడు. “పేషెంటునే రమ్మను. ఎట్ల ఏస్కోవాల్నో చెప్పాలె.”

నాగరాణి అలాగే మెసేజ్ పెట్టింది. వెంటనే జవాబు వచ్చింది: ‘నేను రాను మేడం. ఆటో మన్సూర్ భాయ్‌కి ఇవ్వండి.’

పైకి చదివి వినిపించింది. మధ్యాహ్నం చంద్రప్ప టిఫిన్ డబ్బా మూత తీయలేదు. మెట్ల మీద ఆడవాళ్ల చెప్పుల చప్పుడైతే చాలు, తలెత్తి చూశాడు.

సాయంత్రం మన్సూర్ వచ్చాడు. ఒక్కడే.

మాత్రలు చంద్రప్పే కట్టాడు. గడువు తేదీ మూడుసార్లు చూశాడు. ‘పొద్దున ఒకటి, అన్నం తిన్నాక’ అని కవరు మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఆ పని ఆయన ఎవరికీ చేసిపెట్టడు.

“పొడి లేదు. రేపొస్తది.”

“అగో, మీ నెత్తిమీదనే మూడు డబ్బాలున్నయి గద సేఠ్!”

“అవి వేరేటోళ్లయి.”

మన్సూర్ ఇంకేదో అనబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు. “మంచిది సేఠ్” అని మెల్లగా మెట్లు దిగాడు.

ఆటో కదలగానే నాగరాణి ఉండబట్టలేకపోయింది.

“గింత రాయి గుండేంది సార్? కడుపుతోని ఉన్న పిల్ల. ఉన్న డబ్బా లేదని ఎట్ల అన్నరు? పాపం, ఆమె ఏం చేసింది మిమ్ముల?”

చంద్రప్ప కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఎంతసేపు తుడిచినా పెట్టుకోలేదు.

“ఇంకొక్క మెసేజ్ పెట్టమ్మా” అన్నాడు చివరికి. “‘రేపు మీ నాయిన దుకాణంల ఉండడు, జర నువ్వే వచ్చి తీస్కపో’ అని రాయి.”