చీరల వంకతో ఉప్పాడ

ఫోను పెట్టేశాక సత్యప్రసాద్ మొదట చేసిన పని, హమ్మయ్య అనుకోవడం. ఆ వెంటనే ఒళ్ళు జలదరించింది.

ఫోను చేసింది లోకనాథ్. ఉప్పాడ దగ్గర రొయ్యపిల్లల హేచరీలో మేనేజరు. ఆ హేచరీ ఇద్దరిది. ఒకడు సత్యప్రసాద్ తమ్ముడు చినబాబు. రెండోవాడు భార్య దుర్గ తమ్ముడు సురేంద్ర.

"సురేంద్ర గారికి ఒంట్లో బాగోలేదండి. మేడం గారికి ఏమీ చెప్పకుండా ఓసారి తీసుకొచ్చెయ్యండి."

"చినబాబేడీ?"

"ఇక్కడే ఉన్నారండి," అని లోకనాథ్ పెట్టేశాడు.

రాజమండ్రిలో ఏళ్ళ తరబడి బెల్లం, చింతపండు టోకున అమ్మిన మనిషి సత్యప్రసాద్. బస్తా విప్పకుండానే లోపలి సరుకు చెప్పేస్తాడు. పొద్దున్నే ఫోను చేసి, బాగోలేదు, చెప్పకుండా తీసుకురండి అన్నారంటే ఇంకేం మిగిలింది? ఈ వైపు చావు కబురు చావు కబురులా రాదు. ముందు జ్వరమంటారు. తర్వాత సీరియస్ అంటారు. మిగిలింది గుమ్మం ముందు టెంటు చెబుతుంది.

పోయింది సురేంద్ర. చినబాబు కాదు.

మనసులో కాటా అటో ఇటో ఊగి, ఆ ఒక్క మాట దగ్గర ఆగింది. మనవాడు కాదు. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే భయం వచ్చి కూర్చుంది.

దుర్గకి ఎలా చెప్పడం?

ఆమె తండ్రి పోయినప్పుడు ఎవడో తెలివితక్కువవాడు ఫోన్లో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి తండ్రి దహనం కూడా అయిపోయింది. ఇప్పుడు తమ్ముడు. తల్లి లేని ఇంట్లో తనే చంకనేసుకుని పెంచిన తమ్ముడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు సర్దుకున్నాడు.

"ఉప్పాడ వెళ్ళొద్దామా దుర్గా? చీరలు చూసుకుందువుగాని. మధ్యాహ్నం భోజనానికి వచ్చేద్దాం."

పెళ్ళయ్యాక ఏనాడూ చీరలకని తీసుకెళ్ళిన మొగుడు కాదు. ఇవాళేంటీ వింత అంటుందని, జవాబు ముందే మూటగట్టి పెట్టుకున్నాడు. దుర్గ అటు తిరిగే పొయ్యి కట్టేసింది.

"సరే పదండి. డ్రైవర్ని పిలుస్తాను. మీరు నడపొద్దు."

బేరం ఇంత తేలిగ్గా తెగుతుందనుకోలేదు.

కారు ద్వారపూడి దాటింది. పక్కన కాలవ, అవతల చేలు. సత్యప్రసాద్‌కి అవేవీ కనబడటం లేదు. ముందు కూర్చోబెట్టాలి. నీళ్ళు తాగించాలి. అప్పుడు చెప్పాలి. ఎలా తిప్పి చెప్పినా చివరి మాట ఒకటే. ఆ మాట దగ్గరికొచ్చేసరికి మళ్ళీ మొదటికొస్తున్నాడు.

"బీపీ మాత్ర వేసుకున్నావా?" అన్నాడు.

"వేసుకున్నా. మీరు?" అంటూనే సంచీలోంచి అతని మాత్ర తీసింది. నీళ్ళ సీసా మూత తిప్పి ఇచ్చింది. అతని గుండెకి స్టెంటు వేయించిన దగ్గర్నుంచీ ఆమెకిదే పని. నా బెంగే గానీ తన మీదికి ఏం వస్తోందో తెలీదు పిచ్చిదానికి, అనుకుని మింగేశాడు.

సామర్లకోట దగ్గర అతని ఫోను మోగింది. ఎవరో దూరపు చుట్టం. పరామర్శకేమో! చటుక్కున కట్ చేశాడు.

"ఇలా ఇవ్వండి. కొట్టువాళ్ళు ప్రాణాలు తోడేస్తారు," అని దుర్గ లాక్కుని, ఆపేసి సంచీలో పడేసింది. ఏ దేవుడో ఆమె చేత చేయించాడనుకున్నాడు.

కాసేపటికి ఆమే అంది. "మొన్న ఫోన్లో చినబాబు ఏమన్నాడు?"

ఉలిక్కిపడ్డాడు. చినబాబు మాటొస్తే వెనకాలే సురేంద్ర మాట వస్తుంది.

"ఏమంటాడు? చందువా చేపలు పంపిస్తా, వదినని వేపమను అన్నాడు. పంపడానికి బద్ధకం, తినడానికి మాత్రం తయారు. వాడికేం, దున్నపోతులా ఉన్నాడు." నవ్వబోయాడు.

దుర్గ నవ్వలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. తమ్ముడి ఊసు మాత్రం ఎత్తలేదు. బతికించింది.

పిఠాపురం దాటి ఉప్పాడ వచ్చింది. చీరల కొట్లు ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళిపోతున్నాయి. ఆపమంటే ఏం చెప్పాలా అని అబద్ధం ఒకటి నాలిక చివర పెట్టుకున్నాడు. ఆమె ఆపమనలేదు. ఆ కొట్ల వైపు చూడను కూడా చూడలేదు. అప్పుడు నిజంగా భయపడ్డాడు. కీడు ఆడవాళ్ళకి ముందే తెలుస్తుందంటారు. తెలిసిపోయిందా?

సముద్రం తినేసిన రోడ్డు మీద కారు కుదుపులతో వెళ్తోంది. అల ఒకటి రాళ్ళని గుద్ది లేచి, అద్దం మీద ఫెళ్ళున పడింది. దుర్గ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

హేచరీ గేటు. టెంటు. ప్లాస్టిక్ కుర్చీల్లోంచి లేస్తున్న మనుషులు. లోకనాథ్ తల దించుకున్నాడు.

కారు దిగి సత్యప్రసాద్ భార్య భుజం పట్టుకున్నాడు. ఆమె అతని నడుం చుట్టూ చెయ్యి వేసింది.

"దుర్గా, ధైర్యంగా ఉండాలమ్మా. నేనున్నాను," అన్నాడు.

ఆమె అప్పటికే నీళ్ళ సీసా మూత తిప్పుతోంది.

టెంటు కింద జనాన్ని తోసుకుంటూ, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో సురేంద్ర పరుగున వచ్చి, అక్క ముందు ఆగి, గొంతు తగ్గించి అడిగాడు: "బావగారికి ఇంకా చెప్పలేదా అక్కా?"