ఎత్తిన చెయ్యి

విద్యా కమిటీ మీటింగులో హెడ్మాస్టరు ప్రదీప్‌కుమార్ బల్ల చరిచాడు. "వచ్చిన నిధులతో మరుగుదొడ్లు కాదు, ముందు బడికి ఆర్చి కట్టిద్దాం. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

తల్లిదండ్రులందరూ భయంభయంగా ఎత్తారు. సుంకమ్మ కూడా ఎత్తింది.

"ఏకగ్రీవం!" అన్నాడాయన.

"నేను అడిగేకి ఎత్తినా సార్, ఒప్పుకునేకి కాదు," అంది సుంకమ్మ.

"ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే. నోర్మూసుకో."

"మాట్లాడాలంటే చెయ్యెత్తాలని నా కూతురికి నేర్పిండేది నువ్వే కదా? నిన్న పాఠం మధ్యలో బయటికి పోతానని అది చెయ్యెత్తితే పొమ్మంటివి. యాడికి పోవాల? గోడచాటుకు పోతే మొగపిల్లోళ్లు నవ్విరంట. ఇంగ బడికే రానంటాండాది."

ఒక్కొక్క చెయ్యే కిందికి దిగింది. సుంకమ్మది మాత్రం దిగలేదు.

"ఇప్పుడు చెప్పు సార్, ఏకగ్రీవమని."