వెనకగదిలో ఊపిరి

వెనకగదిలో పడుకునే వంతు ఎవరిదని పొద్దున్నే మొగుడూ పెళ్లాలకు గొడవ వచ్చింది.

“రాత్రి మీ వంతే కదండీ?” అంది హైమవతి.

“నాదెందుకవుతుంది? మొన్న ఆ దోమల్లో చచ్చింది నేనే,” అన్నాడు గోవర్ధనం.

మునిసిపాలిటీ వారు ప్రతి గదికీ ఊపిరి మీటరు బిగించారు. ఒక్క రాత్రి మనిషి ఊపిరి తగలకపోతే ఎర్రదీపం వెలుగుతుంది, ఆ గదిని ఇల్లు లేనివాళ్లకు ఇచ్చేస్తారు. అందుకే ఈ వంతులు.

హైమవతి పరుగున వెళ్లి చూసింది. పచ్చదీపమే! మరి లోపల పడుకున్నదెవరు? దొంగా? మునిసిపాలిటీ పంపిన మనిషా? అనుమానంగా అంతా వెతికింది. ఆ గదిలో ఉంచిన ఆవకాయ జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టు మారింది. తను వేసేది జారుముడి, ఇదేమో గట్టి పీటముడి. పెరటి తాళంచెవి ఉన్నది పనిమనిషి పైడమ్మ దగ్గర. రోడ్డు వెడల్పులో ఆమె ఇల్లు పోయినప్పుడు, “సెల్లి కాడ ఉంటన్నానమ్మా” అంది.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ హైమవతి చెప్పింది: “ఆ గది పైడమ్మకే ఇస్తున్నామని మునిసిపాలిటీకి చెప్పేస్తాను. ముక్కూమొహం తెలియనివాళ్ల కంటే నయం. జాడీ మాత్రం వంటింట్లోకి మోసుకురండి.”