ఆకు అడుగున

పెరటి మడిలో క్యాబేజీ ఆకుకి చిల్లు పడిందని భార్య చెప్పినప్పుడు, అతను నోట్లో పెట్టుకోబోయిన ముద్దని అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

చిల్లు పడినందుకు కాదు. పాప పోయిన ఈ నాలుగు నెలల్లో ఆమె తనంతట తాను నోరు తెరిచి చెప్పిన మొదటి మాట అది.

పాపకి ఏడేళ్ళు. మూడు రోజుల జ్వరం. అంతే.

ఆ తరువాత ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. తినమంటే రెండు మెతుకులు తినేది. లేవమంటే లేచి కూర్చునేది. కూర్చోబెట్టిన చోటే సాయంత్రం దాకా ఉండేది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, అతన్ని గుమ్మం బయటకు పిలిచాడు. మాత్రలు వాటి పని అవి చేస్తాయని, ఈమె మనసు మాత్రం ఏదో ఒక దాని మీద పడాలని, ఇలాగే వదిలేస్తే మనిషి దక్కదని చెప్పాడు.

అతను కూరగాయల మార్కెట్లో హమాలీ. కోడి కూయకముందే వెళ్ళి, లారీలు ఖాళీ చేసి, పొద్దెక్కాక వస్తాడు. వస్తూనే పెరట్లో తొట్టి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుంటాడు. మూటలు మొయ్యడం తప్ప అతనికి వేరే విద్య తెలియదు. ఒక మనిషి మనసుని ఎక్కడ పట్టుకుని ఎత్తాలో అసలే తెలియదు.

చిల్లు చూసిన ఆ రోజు ఆమె తనే లేచింది. గుప్పెడు వెల్లుల్లి, పది పచ్చిమిరపకాయలు, వేలెడు అల్లం ముక్క రోట్లో వేసి నూరింది. నీళ్ళలో కలిపి నానబెట్టింది. మర్నాడు పాత చీర ముక్కలో వడకట్టి, కాసిని సబ్బునీళ్ళు పోసింది. ఎండ వాలాక ఆకుల పైనా అడుగునా పిచికారీ కొట్టింది. మరిచిపోయి ఆ చేత్తోనే మొహం తుడుచుకుంది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. పాపని తీసుకెళ్ళిన రోజు కూడా కారని నీళ్ళు.

"మిరపకాయ ఘాటు," అంది.

"ఊఁ," అన్నాడు.

రెండు రోజులకి పురుగులు రాలిపోయాయి. నాలుగో రోజు మళ్ళీ కనిపించాయి.

పచ్చటి పురుగులు. ఆకు రంగులో కలిసిపోయి ఉంటాయి. ఆమె ఒక్కో ఆకూ తిప్పి చూసింది. ఈసారి వేపనూనె తెప్పించి సబ్బునురగలో గిలక్కొట్టి చల్లింది. పోయాయి. మళ్ళీ వచ్చాయి. మజ్జిగని వారం రోజులు పులియబెట్టింది. ఇల్లంతా కంపు. అతను ఆ కంపులోనే కూర్చుని అన్నం తిన్నాడు. కిటికీ కూడా తియ్యమనలేదు.

పక్కింటి పిన్ని గోడ మీద గడ్డం ఆనించి అంతా చూసేది. తన మడిలో ఒక్క పురుగూ లేదని, కొట్లో దొరికే మందు ఒక్క మూతెడు కొడితే చాలని చెప్పేది. తినే కూర మీద విషం చల్లనంది ఆమె. ఆ మాట పిన్నికి ఎక్కడో గుచ్చుకుంది. రెండు రోజులు గోడ దగ్గరకు రాలేదు. మూడో రోజు ఉండబట్టలేక వచ్చింది.

"నీ మీదే పగబట్టాయే అమ్మాయ్, ముదనష్టపు పురుగులు."

అతనూ ఊరుకునేవాడు కాదు. ఆ కషాయం తాగి పురుగులు బలిసిపోతున్నాయని ఎగతాళి చేసేవాడు. ఆమెకి పౌరుషం వచ్చేది. ఆ పూట రోట్లో ఇంకో నాలుగు మిరపకాయలు పడేవి.

ఒకరోజు ఆమె మిరపమొక్క ముందు ఆగిపోయింది.

"క్యాబేజీ తినే పురుగు దీని మీదకి ఎందుకెక్కిందయ్యా?"

"నోరు చప్పబడిందేమో."

ఆమె పెదవి కాస్త కదిలింది. దాన్ని నవ్వు అనలేం. మర్నాడు మాత్రం ఆమె తల దువ్వుకుని జడ వేసుకుంది. ఆ తరువాత వారంలో పొయ్యి తనే వెలిగించింది.

అప్పుడు అతని నడుం పట్టేసింది. వానలో తడిసిన బస్తా ఎత్తబోయి అక్కడే కూలబడ్డాడు. తోటివాళ్ళు ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని తెచ్చి మంచం మీద దించారు. మొదటి రోజు ఆమె కాపడం పెట్టింది. రెండో రోజు పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక పిచికారీ సీసా కడిగి గూట్లో బోర్లించింది.

"ఒక్కటీ లేదు," అంది. "అన్ని ఆకులూ చూశాను."

అతను లేవబోయాడు. నడుం లేవనివ్వలేదు.

ఆమె చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. మూడో రోజు లేవలేదు. పొయ్యి వెలగలేదు. పిన్ని తెచ్చి పెట్టిన గిన్నె మూత తియ్యలేదు. అతను రెండుసార్లు పిలిచాడు. ఆమె పలకలేదు.

నాలుగో రోజు కోడి కూయకముందే అతను గోడ పట్టుకుని లేచాడు. నడుముకి తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చిన పిన్ని అతన్ని చూసి నిలబడిపోయింది.

"ఆ నడుంతో మూట ఎత్తావంటే మళ్ళీ లేవవు అబ్బాయ్. ఇంకో రెండు రోజులు ఆగరాదూ?"

"ఆగడానికి లేదు పిన్నీ."

పావుగంట దారి గంట నడిచాడు. మార్కెట్ చేరాక లారీల వైపు వెళ్ళలేదు. వెనకవైపు చెత్తకుప్ప దగ్గర, నడుం వంగక మోకాళ్ళ మీద కూలబడి, పారేసిన క్యాబేజీ ఆకులు ఒక్కొక్కటే తిరగేస్తూ, ఇన్నాళ్ళూ ఏరినట్టే, ఇంకా కదులుతున్న పురుగుల్ని నలగకుండా ఏరి అగ్గిపెట్టెలో వేసుకున్నాడు.